పరీక్ష తప్పిన ప్రకాశం పంతులు గారు

పరీక్ష తప్పి దిగులుపడుతున్న మన మండపేట యువజనులు టంగుటూరి ప్రకాశం పంతులు గారిని జ్ఞాపకం చేసుకోవాలి.

1872లో జన్మించిన ఆయన చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయారు. తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పోషించింది. గురువు హనుమంతరావు నాయుడు గారు రాజమండ్రి తీసుకువచ్చి చదివించారు. కాని నాటకాల మోజు ఎక్కువ, మెట్రిక్యులేషన్ తప్పారు. సిగ్గుపడి ఆగిపోలేదు. మళ్లీ చదివి నెగ్గి, సెకండ్ గ్రేడ్ ప్లీడరై రాజమండ్రిలో పేరు గడించారు. అయితే ఆ పట్టాతో హైకోర్టులో వాదించే అర్హత లేదు. అందుకని 1904లో, ముప్పై దాటాక, ఇంగ్లండులో తిరిగి విద్యార్థి అయ్యారు. బారిస్టరై 1907లో మద్రాసు చేరారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు, 1957లో కన్నుమూశారు.

రాత్రంతా ప్రయాసపడి ఒట్టి వలతో వచ్చిన పేతురును ప్రభువు మళ్లీ ఆ నీటిలోకే పంపాడు. తల్లిదండ్రులారా, తప్పిన బిడ్డను దెప్పకండి. మళ్లీ ఫీజు కట్టి, పక్కన కూర్చుని ప్రార్థించండి.