రెండు గాజుపలకల సముద్రం

సంక్రాంతి సెలవుల్లో మా బావ బండి మీద చీకటితోనే మైపాడు వెళ్ళాను. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది. దారి పొడుగునా రొయ్యల గుంటలు, వాటిలో ఏరియేటర్ల చప్పుడు, ఒంటికి పట్టే చలి. ఆరున్నరకల్లా ఒడ్డున ట్రైపాడ్ నిలబెట్టేశాను. మన తీరంలో సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు గదా, ఆ నాలుగు నిమిషాల కోసమే ఈ హడావుడంతా.

తీరా చూస్తే కెమెరాకీ నా కళ్ళకీ కుదర్లేదు. పడవా, తడి ఇసకా, అలా కనపడేట్టు పెడితే ఆకాశం సున్నం కొట్టిన గోడలా తెల్లగా వచ్చింది. ఆకాశం సరిగ్గా వచ్చేట్టు పెడితే పడవ బొగ్గుముద్ద. ఫొటోలు తీసే వాళ్ళందరికీ ఈ బాధ తెలిసిందే. పైగా ఆరోజు ఒక్క మబ్బు తునక కూడా లేదు. ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో వెతికితే నవంబర్‌లో అదే బీచ్‌లో తీసిన ఆకాశం ఒకటి దొరికింది. వాయుగుండం ముందురోజు తీసింది. పొరలు పొరలుగా నల్లమబ్బులు, వాటి అంచుల్లో ఎర్రటి వెలుగు. దాన్ని కోసి దీని మీద అతికించాను. రెండు నిమిషాల పని. కింద మైపాడు, సంక్రాంతి ఉదయం అని రాసి గ్రూపులో పెడితే మన క్లబ్బులో అందరూ అదిరిందన్నారు.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక తాతకి ఆ ఫొటో ఫోన్‌లో చూపించాను. ఆయన చాలాసేపు చూసి, ఇది ఏరోజు తీసిందబ్బయా అని అడిగాడు. అంత మబ్బు పట్టినప్పుడు సముద్రం ఇంత నెమ్మదిగా ఎట్టా ఉంటదన్నాడు. ఆ మబ్బుని చూసి కూడా పడవని నీళ్ళ అంచున అట్టా వదిలేసి పోయేవాడు ఎవడన్నాడు. ఏం చెప్పాలో తెలీక ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

ఆ రాత్రి, నాకంటే ముందు ఈ పని ఎవరన్నా చేశారా అని వెతుకుతూ పోతే ఒకాయన దగ్గర ఆగాను. ఆయన చేసి 160 ఏళ్ళు దాటింది. పేరు గుస్తావ్ లె గ్రే. ఫొటోగ్రఫీ చరిత్ర చదివే వాళ్ళకి బాగా తెలిసిన పేరు. మనబోటి వాళ్ళకి ఆ పేరు తెలియకపోయినా, ఆయన చేసినలాంటి పనే మన ఫోన్లలో రోజూ జరుగుతోంది.

లె గ్రే 1820లో, పారిస్‌కి దగ్గర్లోని విలియే లె బెల్ అనే ఊళ్ళో పుట్టాడు. మొదట నోటరీ దగ్గర గుమాస్తాగా కుదిరాడు. ఇంట్లో వాళ్ళు ఒక దారి అనుకుంటే మనసు ఇంకో దారిలో ఉండటం మనలో చాలామందికి తెలిసిన కథే. ఆయన గుమాస్తాగిరీ వదిలేసి, పాల్ దెలారోష్ అనే పేరున్న చిత్రకారుడి దగ్గర బొమ్మలేయడం నేర్చుకున్నాడు. తర్వాత ఇటలీ వెళ్ళి కొన్నేళ్ళు ఉన్నాడు. రోమ్‌లోనే పెళ్ళి చేసుకుని, 1847లో పారిస్ తిరిగొచ్చాడు.

ఫొటోగ్రఫీ గురించి లోకానికి తెలిసింది 1839లో. అంటే ఆయన తిరిగొచ్చేనాటికి దానికి ఎనిమిదేళ్ళు. చిత్రకారుడిగా రాని పేరు ఈ కొత్త విద్యలో వచ్చింది. చెయ్యి చిత్రకారుడిది, బుర్ర మాత్రం కెమిస్ట్రీ ల్యాబులో ఉండేది.

అప్పట్లో చాలామంది కాగితం మీద నెగటివ్ తీసేవారు. కాగితంలో నారలుంటాయి గనక బొమ్మ గరుగ్గా, మసగ్గా వచ్చేది. లె గ్రే కాగితాన్ని ముందే కరిగించిన మైనంలో నానబెట్టి, ఆ తర్వాత వెండి లవణాలు పట్టించాడు. నారల మధ్య ఖాళీలు పూడిపోయి కాగితంలోంచి వెలుతురు బాగా దిగింది, గీతలు స్పష్టంగా వచ్చాయి. ఇంకో లాభం, ఆ కాగితాన్ని రోజుల ముందే తయారుచేసి పెట్టుకోవచ్చు. ఫొటో తీశాక డెవలప్ చేయడానికి కూడా తొందర లేదు. ప్రయాణాల్లో ఫొటోలు తీసేవాళ్ళకి ఇది పెద్ద వరం. 1851లో ఈ పద్ధతిని ప్రచురించాడు. అదే ఏడు ఫ్రెంచి ప్రభుత్వం దేశంలోని పాత కట్టడాలన్నీ ఫొటోలు తీయించడానికి అయిదుగురిని ఎంచుకుంటే, వారిలో ఆయన ఒకడు.

మైనపు కాగితం మన దాకా కూడా వచ్చింది. లినేయస్ ట్రైప్ అనే ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి 1857, 58 సంవత్సరాల్లో మద్రాసు ప్రభుత్వం తరఫున దక్షిణాది గుళ్ళనీ కోటలనీ ఫొటోలు తీశాడు. మన నెల్లూరు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే. మద్రాసు చేర్చిన అమరావతి శిల్పాల ఫొటోలు 1858లో తీసింది కూడా ఈయనే. ట్రైప్‌కీ ఆకాశంతో పేచీ వచ్చింది. ఆకాశం బోసిగా వస్తే, నెగటివ్ మీద రంగు పూసి మబ్బులు తానే వేసేవాడు.

ఎందుకిట్టా అంటే, ఆనాటి వెండి లవణాలకి నీలం, అతినీల కాంతి తప్ప మిగతా రంగులు దాదాపు కనపడవు. ఆకాశం నిండా నీలమే గనక, కింద నేల పూర్తిగా పడేలోపే పైన ఆకాశం మోతాదు మించి కాలిపోతుంది. ప్రింటులో తెల్ల కాగితం మిగులుతుంది. ఇప్పుడు మనం డైనమిక్ రేంజ్ చాలలేదంటాం. అప్పుడు అదే గొడవ ఇంకా ముదిరి ఉండేది.

లె గ్రే సముద్రం దగ్గరికి వెళ్ళింది 1856లో. ముందు నార్మండీ తీరం, తర్వాత మధ్యధరా తీరం. అప్పటికి కాగితం వదిలి గాజుపలకకి మారాడు. కొలోడియన్ అనే జిగురుద్రవం పలక మీద పోసి, వెండి నైట్రేట్‌లో ముంచి, ఆ తడి ఆరేలోపే ఫొటో తీసి డెవలప్ చేసేయాలి. పది నిమిషాలు దాటితే పలక పనికిరాదు. అంటే ఒడ్డునే చీకటిగది పెట్టుకోవాలి. నేను ట్రైపాడ్ మోసుకెళ్ళి అలసిపోయానన్నాను, ఆయన రసాయనాల సీసాలు, నీళ్ళు, దాదాపు 30 సెంటీమీటర్ల వెడల్పూ 40 సెంటీమీటర్ల పొడవూ ఉన్న గాజుపలకలు మోయించుకెళ్ళేవాడు. అంత పెద్ద పలక ఎందుకంటే, నెగటివ్‌ని కాగితానికి ఆనించి ఎండలో పెట్టడమే ప్రింటింగ్. పలకెంతో ఫొటో అంతే.

కదిలే అల కదిలినట్టే నిలబడాలంటే సెకనులో కొంత భాగమే తెరవాలి. ఆ కాలపు కెమెరాలకి అది గగనం. లె గ్రే చాలాసార్లు సూర్యుడికి ఎదురుగా కెమెరా పెట్టాడు. నీళ్ళ మీద పడి తిరిగొచ్చే మెరుపు బలంగా ఉంటుంది గనక, తక్కువ సమయంలోనే అల పలక మీద పడింది. ఆయన బొమ్మల్లో బాగా పేరొచ్చిన ఓడ బొమ్మ ఇట్టా తీసిందే, అదీ ఒకే పలక మీద. మబ్బుల చాటు సూర్యుడు, కింద నీళ్ళ మీద వెలుగు, దూరంగా చిన్న ఓడ. మిగతాదంతా నల్లబడేసరికి జనం దాన్ని వెన్నెల అనుకున్నారు. 1856లో లండన్‌లో చూపించినప్పుడు దాని కోసం జనం ఎగబడ్డారు.

ప్రతిసారీ ఒక పలకతో కుదరదు. అప్పుడు రెండు తీశాడు. ఒకటి సముద్రానికి, ఒకటి ఆకాశానికి. సముద్రం నెగటివ్‌లో దిగంతపు గీతకి పైభాగం మూసేసి ఎండలో సగం కాగితం ప్రింటు చేసేవాడు. తర్వాత రెండో పలక పెట్టి, ఈసారి కింది సగం మూసి, ఆకాశం ప్రింటు చేసేవాడు. రెండూ గీత దగ్గర వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. కొంచెం జరిగితే తెల్ల చారో నల్ల చారో పడుతుంది. వెలుగు కూడా కుదరాలి. మబ్బుల వెనక సూర్యుడు ఎటుంటే నీళ్ళ మీద మెరుపు అటే ఉండాలి. చివర్లో ప్రింటుని బంగారు లవణాల ద్రావణంలో ముంచి ఊదా ఛాయలు తెప్పించేవాడు. 1857లో సెత్ రేవు దగ్గర తీసిన పెద్ద అల ఇట్టా రెండు పలకలు కలిపినదే. ముందు రాళ్ళ మీద విరిగే అల, ఎడమపక్క దూరంగా రేవుగోడ, పైన బరువైన మబ్బులు.

ఇక్కడే నాకు పట్టుకుంది. ఆయన ఆకాశాన్ని ప్రతిసారీ అదే చోట, అదే గంటలో తీయలేదు. ఒకే మబ్బు ఆయన బొమ్మల్లో వేరువేరు సముద్రాల మీద కనపడుతుంది. అంటే నా నవంబర్ ఆకాశం లాంటివి ఆయన పెట్టెలో కూడా ఉన్నాయన్నమాట.

పారిస్‌లో కపూసిన్ వీధి 35వ నంబరు భవనంలో ఆయన పెద్ద స్టూడియో పెట్టాడు. డబ్బు పెట్టింది వేరేవాళ్ళు. పని బాగుంది, లెక్కలే బాగోలేదు. అదే సమయంలో విజిటింగ్ కార్డు సైజు చౌక ఫొటోలు మార్కెట్‌ని ముంచెత్తాయి. ఒకే పలక మీద చాలా బొమ్మలు తీసి అమ్మేవాళ్ళు లాభపడ్డారు. ఒక్క ప్రింటుకి రెండుసార్లు ఎండ చూపించి, బంగారంలో ముంచే మనిషి వాళ్ళతో పోటీకి నిలబడలేకపోయాడు. 1860లో కంపెనీ మూతపడింది.

ఆ ఏడే నవలా రచయిత అలెగ్జాండర్ డ్యూమా తన ఓడలో తూర్పు దేశాలకి బయల్దేరుతుంటే ఈయన కూడా ఎక్కాడు. భార్యాబిడ్డలు పారిస్‌లో ఉండిపోయారు. సిసిలీలో గరిబాల్డీ యుద్ధం నడుస్తోంది. పలెర్మోలో గరిబాల్డీ ఫొటో, బాంబులకి కూలిన వీధుల ఫొటోలు తీశాడు. తర్వాత డ్యూమాతో చెడింది. మాల్టాలో ఓడ ఈయన్ని దించేసి వెళ్ళిపోయింది. అక్కణ్ణుంచి బీరూట్, అలెగ్జాండ్రియా, చివరికి కైరో. అక్కడ పిల్లలకి డ్రాయింగ్ చెప్పి బతికాడు. ఫ్రాన్స్ మళ్ళీ చూడలేదు. 1884లో కైరోలోనే పోయాడు.

ఆయన ఖాళీ చేసిన భవనంలోకి నాదార్ అనే ఇంకో గొప్ప ఫొటోగ్రాఫర్ వచ్చాడు. అక్కడే 1874లో ఇంప్రెషనిస్టు చిత్రకారుల మొదటి ప్రదర్శన జరిగింది. ఆ గుంపుకి పేరు తెచ్చిన మోనే బొమ్మలో ఉన్నది లె హావ్ర్ రేవులో సూర్యోదయం. లె గ్రే కెమెరా మోసిన నార్మండీ తీరమే. ఆ గోడల మీద ఆ సూర్యుడు వెలిగినప్పుడు ఈయన ఎక్కడో కైరోలో పిల్లల చేత గీతలు గీయిస్తున్నాడు. 1999లో లండన్ వేలంలో ఆ సెత్ అల ప్రింటు ఒకటి 5,07,500 పౌండ్లకి పోయింది. వేలంలో ఒక ఫొటోకి అప్పటికి అదే రికార్డు ధర.

ఇదంతా చదివాక, లె గ్రేని అడ్డం పెట్టుకుని నా ఫొటోని వెనకేసుకు రావచ్చనిపించింది. ఆయన చేసింది కళ అయితే నేను చేసింది మోసం ఎట్టా అవుతుందని వాదించొచ్చు. కానీ తాత అడిగిన ప్రశ్న మాత్రం పోలేదు. ఆయన రెండు ఫొటోల మధ్య అతుకు చూడలేదు, అది బాగానే కుదిరింది. రెండు వాతావరణాల మధ్య అతుకు చూశాడు. మనకి మబ్బు అందం. ఆయనకి అది పడవ నీళ్ళలోకి తోయాలా వద్దా అనే సంగతి. సెత్ రేవులో కూడా అట్టాంటి తాత ఒకడు ఉండే ఉంటాడు, లె గ్రే ప్రింట్లు మాత్రం పారిస్‌కీ లండన్‌కీ వెళ్ళాయి.

రెండు ఫొటోలు కలపడం తప్పనిపించలేదు. గాజుపలక చూడలేనిదాన్ని కన్ను చూస్తుంది గనక, కన్ను చూసింది కాగితం మీదకి తేవడానికి ఆయన అంత కష్టపడ్డాడు. నా తప్పు ఆ ఆకాశం కింద సంక్రాంతి ఉదయం అని రాయడం. బొమ్మ అని ఊరుకుంటే సరిపోయేది, తేదీ వేసి సాక్ష్యం చేశాను.

గ్రూపులో పాత ఫొటో కింద రెండు తేదీలూ రాశాను. తర్వాత ఆ సంక్రాంతి ఉదయమే తీసిన మూడు ఎక్స్‌పోజర్లు తీసుకుని కలిపాను. ఆకాశం బోసిగానే ఉంది, కింద నారింజ నుంచి పైన లేత నీలం దాకా పల్చటి రంగు, అంతే. లైకులు సగం కూడా రాలేదు. మళ్ళీ మైపాడు వెళ్ళినప్పుడు తాతకి చూపించాను. ఈసారి ఆకాశం వైపు చూడనేలేదు. పడవ మీద వేలు పెట్టి పెద్దది చెయ్యమన్నాడు. అది తన మేనల్లుడి పడవట. అంచున కొత్తగా వేసిన అతుకు కనపడుతోందని నవ్వాడు.