కొలిమి లోపలి గోడను మార్చిన గుమస్తా

పిల్లలూ, ఊళ్లో అమ్మమ్మగారి కట్టెల పొయ్యి చూశారా? దాని లోపల బంకమట్టి మెత్తుతారు. వేడి దెబ్బంతా ఆ పూతే కాస్తుంది. పగిలితే మళ్లీ మెత్తుతారు. మన భిలాయిలో ఉక్కు తయారయ్యే పెద్ద పాత్రలకూ లోపల అలాంటి రక్షణే ఉంటుంది. మట్టికి బదులు వేడిని ఓర్చే ఇటుకలు పేరుస్తారు. ఆ ఇటుకల కథలో ఒక కోర్టు గుమస్తా ఉన్నాడు.

సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్ 1850లో లండన్‌లో పుట్టాడు. డాక్టరు కావాలనుకున్నాడు. తండ్రి చనిపోయి ఇంట్లో రాబడి తగ్గడంతో ఆ ఆశ వదులుకుని, కొన్నాళ్లు బడిపంతులుగా చేసి, పోలీసు కోర్టులో గుమస్తాగా చేరాడు. పగలంతా కేసుల కాగితాలు, సాయంత్రం బర్క్‌బెక్ సంస్థలో రసాయనశాస్త్రం పాఠాలు. ట్యూషన్ నుంచి వచ్చేసరికే మనకు నిద్ర ముంచుకొస్తుంది కదా! అతని కోర్టు ఉద్యోగం 1879 దాకా సాగింది.

ఆ రోజుల్లో ఇనుములోని భాస్వరం పెద్ద బెడద. అది మిగిలిపోతే ఉక్కు చలికి పెళుసై విరుగుతుంది. బెస్సెమర్ కొలిమిలో గాలి ఊదితే భాస్వరం మండి ఆమ్ల గుణమున్న పదార్థంగా మారుతుంది. కానీ కొలిమి లోపలి ఇటుకలు ఇసుకరాయి జాతివి, వాటిదీ ఆమ్ల గుణమే. పట్టి ఉంచేది ఏదీ లేక భాస్వరం తిరిగి ఇనుములోకే చేరేది. సున్నం వేసి పట్టుకుందామంటే, ఆ సున్నం ఇటుకలనే తినేసేది. చిక్కంతా గోడలోనే ఉందని థామస్ గ్రహించాడు. క్షార గుణమున్న సున్నపురాయి, డోలమైట్‌లతో గోడ కట్టి, లోపల సున్నం వేస్తే భాస్వరం స్లాగులోకి పోతుంది, గోడా నిలుస్తుంది.

మేనమామ కొడుకు పెర్సీ గిల్‌క్రిస్ట్ వేల్స్‌లో ఇనుప కార్ఖానా రసాయనికుడు. ఇద్దరూ కలిసి బ్లేనావన్‌లో ప్రయోగాలు చేశారు. 1878 మార్చిలో ఉక్కు నిపుణుల సభలో సంగతి చెబితే పెద్దగా ఎవరూ చెవిన పెట్టలేదు. మరుసటి ఏడాది మిడిల్స్‌బరోలో పెద్ద కొలిమిలో చేసి చూపించాక యూరప్ అంతా ఎగబడింది. భాస్వరం నిండిన ఆ స్లాగును పొడి చేసి పొలాలకు ఎరువుగా చల్లారు కూడా. మన కర్మాగారానికి నందిని గనుల సున్నపురాయి, హిర్రీ గనుల డోలమైట్ వస్తాయి. ఉక్కు పాత్రల్లో ఇప్పటికీ క్షార గుణమున్న ఇటుకలే.

విశ్రాంతి లేని శ్రమతో థామస్ ఊపిరితిత్తులు చెడ్డాయి. ఓడ ప్రయాణం, ఈజిప్టు ఎండ కూడా నయం చేయలేదు. 1885 ఫిబ్రవరి 1న, 34 ఏళ్లకే, పారిస్‌లో కన్నుమూశాడు. సంపాదించిన డబ్బును అతని కోరిక ప్రకారం సోదరి లిలియన్ కష్టజీవుల మేలు కోసం ఖర్చు చేసింది.