చిత్రకారుడు దామెర్ల రామారావుగారు

శ్రీ దామెర్ల రామారావుగారు 1897వ సంవత్సరమున రాజమహేంద్రవరమున జన్మించిరి. ఆర్ట్సు కళాశాలాధ్యక్షులగు కూల్డ్రేదొరగారు, తామును చిత్రకారులగుటచే, ఈ బాలుని నేర్పు గుర్తించి బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు పంపిరి.

గోదావరిని చిత్రించుట సులభము కాదు. వేకువ మంచులో నీరు, ఆకాశము, ఆవలిగట్టు ఏకమై తోచును. నిత్యము స్నానమాడువారికే ఆ మసక కానరాదు. గీత గట్టిగా గీచినచో మంచు మాయమగును. తైలవర్ణము వెంటనే ఆరదు గనుక, తడి యుండగనే రంగును రంగులో కలిపి ఆ మసకను నిలుపవలెను. రామారావుగారు తైలవర్ణములందును నీటిరంగులందును చేయి తిరిగినవారు. స్వగ్రామమున చిత్రకళాశాలను స్థాపించి పలువురకు విద్య నేర్పిరి.

1925వ సంవత్సరమున మశూచి సోకి, ఇరువదియేడేండ్ల ప్రాయముననే గతించిరి. మిత్రులు వరదా వెంకటరత్నంగారు ఆ కళాశాలను నడపిరి. మిగిలిన చిత్రములు రాజమహేంద్రవరమున వారి పేరిటి చిత్రశాలలో నున్నవి.