మునగాల దివాను గారి ప్రివ్యూ పేన్

ముందే చెప్పేస్తున్నా, ఇది కోడింగ్ వ్యాసం కాదు. కాకపోతే కోడింగ్ దగ్గర మొదలవుతుంది, కాస్త ఓర్చుకోండి.

పోయిన సెమిస్టర్‌లో మన క్లబ్‌కి ఒక హార్డ్ డిస్క్ చేరింది. నిండా పాత తెలుగు పుస్తకాల స్కాన్లే. పేర్లు చూస్తే 2015, ఒక చుక్క, తర్వాత ఆరంకెలు. ఏది కవిత్వమో ఏది వైద్యమో తెరిస్తే గానీ తెలియదు. తెరుద్దామంటే నా లాప్‌టాప్ ఒక్కో ఫైలుకీ ఒక్కో నిట్టూర్పు విడుస్తుంది. వాటికి జాబితా రాసే పని నా నెత్తిన పడింది. పదో ఫైలుకే విసుగొచ్చి, నేను వాడే ఫైల్ మేనేజర్‌కి ఒక ప్రివ్యూ పేన్ తగిలిద్దామని కూర్చున్నా. ఎడమ పక్క ఫైలు మీద నొక్కితే కుడి పక్క దాని పేజీ ఒకటి చిన్నగా కనబడాలి. విండోస్ వాళ్ళకి ఆల్ట్, పీ కలిపి నొక్కితే వచ్చేదే. నాది లినక్స్, సోర్స్ కోడ్ చేతిలో ఉంది, పైగా ల్యాబ్ రికార్డు రాయబుద్ధి కావట్లేదు.

మొదటి వెర్షన్ ఘోరం. పాప్లర్ లైబ్రరీతో మొదటి పేజీని బొమ్మగా తీయించా. కింది బాణం మీట నొక్కి పట్టుకుంటే దాటిన ప్రతి ఫైలుకీ ఒక థ్రెడ్ లేచి పరుగెత్తింది, మెషీన్ బిగుసుకుపోయింది. 150 మిల్లీసెకన్లు ఆగు, అప్పటికీ అదే ఫైలు మీద ఉంటేనే పని మొదలెట్టు, పక్కకి జరిగితే పాత పని ఆపేయ్ అని రాశాక దారికొచ్చింది. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఈ స్కాన్లలో మొదటి పేజీ చాలాసార్లు ఖాళీ అట్ట, లేకపోతే లైబ్రరీ ముద్ర. బొమ్మ వస్తోంది గానీ పుస్తకమేదో తెలియట్లేదు. ఏ పేజీ చూపిస్తే చాలో కోడ్‌కి ఎవరో ఒకరు చెప్పాలి కదా. మొదటి పది పేజీల్లో సిరా తక్కువగా ఉండి, ఉన్నది కూడా నడిమధ్య గుమిగూడిన పేజీయే పేరు పేజీ అయ్యుంటుందని ఒక మొరటు లెక్క వేశా. ఆ లెక్క మొదటిసారి పనిచేసిన ఫైల్లో కనబడ్డ పేరు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము. సంపాదకుడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు.

నాది జగ్గయ్యపేట. అమ్మమ్మ వాళ్ళది పెనుగంచిప్రోలు. చిన్నప్పట్నుంచీ తిరుపతమ్మ తిరునాళ్ళకి వెళ్తూనే ఉన్నా, మున్నేట్లో మునుగుతూనే ఉన్నా. తెలుగులో మొదటి విజ్ఞాన సర్వస్వాలను తలకెత్తుకున్న మనిషి ఆ ఊళ్ళోనే పుట్టాడని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రాత్రి జాబితా పక్కన పెట్టి ఆయన గురించి చదవడం మొదలెట్టా.

లక్ష్మణరావు పుట్టింది 1877 మే 18న. మూడేళ్ళు నిండేసరికి తండ్రి వెంకటప్పయ్య పోయారు. తల్లి గంగమ్మ. చిన్నతనంలో కొన్నాళ్ళు సవతి అన్న దగ్గర భువనగిరిలో పెరిగి, తర్వాత అక్కాబావల వెంట నాగపూర్ వెళ్ళాడు. ఆ అక్క ఎవరో తెలుసా? 1902లో ధనత్రయోదశి కథ రాసిన భండారు అచ్చమాంబ. తమ్ముడికంటే మూడేళ్ళు పెద్ద. చిన్న వయసులోనే పెళ్ళి, బడి లేదు. తమ్ముడి చదువు పక్కన కూర్చునే ఆవిడ చదువు సాగింది. తెలుగు, హిందీ, మరాఠీ అలా వచ్చినవే. తమ్ముడు డిగ్రీలు తెచ్చుకుంటుంటే అక్క అబలా సచ్చరిత్ర రత్నమాల పేరుతో దేశంలోని గొప్ప స్త్రీల చరిత్రలు కూర్చింది. నన్నడిగితే ఈ కుటుంబంలో మొదటి విజ్ఞాన సర్వస్వం అదే. ముప్పయ్యో ఏట, 1905లో ఆవిడ పోయారు. మరుసటేడు పుట్టిన కూతురికి లక్ష్మణరావు అక్క పేరే పెట్టుకున్నారు. ఆ అమ్మాయి పెద్దయి డాక్టరైంది, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచింది.

నాగపూర్ చదువు ఆయనకి మరాఠీని చేతికిచ్చింది. మరాఠీలో చరిత్ర మీద, శాస్త్రాల మీద పుస్తకాలు వస్తున్నాయి, పత్రికలు నడుస్తున్నాయి. ఆయన కూడా మరాఠీలో వ్యాసాలు రాసేవారు. ఇటు తిరిగి చూస్తే తెలుగులో కావ్యాలున్నాయి, ప్రబంధాలున్నాయి. ఫిజిక్స్ గురించి ఒక మామూలు మనిషి తెలుగులో చదువుకుందామంటే చెప్పుకోదగ్గది పెద్దగా లేదు. ఈ తేడాని ఆయన బయటి నుంచి చూడగలిగారని నాకనిపిస్తుంది. బెజవాడలోనే చదివుంటే అంతగా కనబడేది కాదేమో.

తర్వాత మునగాల రాజా నాయని వెంకట రంగారావు దగ్గర దివాన్‌గా చేరారు. జగ్గయ్యపేటలో హైదరాబాద్ బస్సెక్కితే కోదాడ దాటగానే వచ్చే మునగాలే. అప్పట్లో దాని పరిస్థితి విచిత్రం. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ద్వీపంలాగా మద్రాసు ప్రెసిడెన్సీ కింద, మన నందిగామ తాలూకాలో ఉండేది. ఇప్పుడు సూర్యాపేట జిల్లా. అటు నిజాం తెలుగువాళ్ళకీ ఇటు మద్రాసు తెలుగువాళ్ళకీ మధ్య కూర్చున్న మనిషి రెండు వైపులా పని చేశాడు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్ళలో ఆయనొకరు. 1906లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, మన నందిగామ అయ్యదేవర కాళేశ్వరరావు లాంటివాళ్ళతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి మొదలెట్టారు. ఈ కాళేశ్వరరావు గారే 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకి మొదటి స్పీకరు.

మండలి మొదటి పుస్తకం గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. తర్వాత పదార్థ విజ్ఞానం, రసాయనం, జీవశాస్త్రం, చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్ర, నవలలు. రెండేళ్ళకే మండలి మద్రాసు చేరింది. ఆ లైబ్రరీ పనీ ఈ మండలి పనీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వరస కనబడుతుంది. ముందు పుస్తకాలు పెట్టుకునే చోటు, తర్వాత ఆ చోట్లో పెట్టాల్సిన పుస్తకాలు. మిగిలింది ఆ పుస్తకాలన్నిటి లోపల ఏముందో ఒకచోట చూపించే పుస్తకం.

1912 ప్రాంతంలో ఆ పని ఎత్తుకున్నారు. అక్షరక్రమంలో సర్వ విషయాలూ, తెలుగులో. సంపాదకుడూ ఆయనే, చాలా వ్యాసాలు రాసిందీ ఆయనే. ఒక్కో శాస్త్రానికి తెలుగు మాటలు లేకపోతే అవి కూడా పుట్టించుకోవాలి.

ఇక్కడ నాకు ఆయన మీద కోపమొచ్చింది. మూడు సంపుటాలు అచ్చయ్యేసరికి అక్షరమాల ఇంకా మొదట్లోనే ఉంది. క దాకా కూడా రాలేదు. మా ప్రాజెక్ట్ గైడ్ అయితే మొదటి రివ్యూలోనే చెప్పేసేవారు, స్కోప్ తగ్గించుకో అని. ఒక్కో విషయానికి నాలుగేసి వాక్యాలు రాసి క్ష దాకా పోయుండొచ్చు కదా! నా పేన్ లాగా, బొమ్మ చిన్నదైనా ప్రతి ఫైలుకీ ఒకటి.

తర్వాత ఆ స్కాన్లోనే కూర్చుని చదివా. అప్పుడు అర్థమైంది నా పోలిక ఎక్కడ తప్పిందో. నా ప్రివ్యూ వెనకాల ఫైలు ఉంది, డబుల్ క్లిక్ చేస్తే మొత్తం తెరుచుకుంటుంది. ఆయన రాసిన చాలా వ్యాసాల వెనకాల తెలుగులో పుస్తకమే లేదు. నాలుగు వాక్యాలు చూపించి మిగతాది లోపల చదువుకోండి అనడానికి ఆ లోపల అన్నది ఇంకా పుట్టలేదు. కాబట్టి ప్రివ్యూలోనే పుస్తకమంతా పెట్టాల్సొచ్చింది. కోపం పూర్తిగా పోయిందని చెప్పను. పనిని పంచుకునేవాళ్ళు ఇంకో పదిమంది దొరికుంటే బాగుండేదని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది.

1923 జులై 12న మద్రాసులో ఆయన కన్నుమూశారు. 46 ఏళ్ళు. నాలుగేళ్ళ ముందు కందుకూరి వీరేశలింగం గారు చివరి రోజులు గడిపి పోయింది కూడా ఈయన ఇంట్లోనే. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ పని ఎత్తుకున్నారు గానీ 1938లో ఆయనా పోయారు. ఇంకో రెండు దశాబ్దాలకి హైదరాబాదులో మరో బృందం కూర్చుని ఎనిమిది సంపుటాలతో అక్షరమాల పూర్తి చేసింది. వాళ్ళు పేరులోనే జాగ్రత్తపడ్డారు, సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశము అన్నారు.

నా పేన్‌లో ఇంకా రెండు బగ్గులున్నాయి. పేరు పేజీ చిరిగిపోయిన స్కాన్లకి పక్క పేజీ చూపిస్తోంది, తలకిందులుగా స్కాన్ చేసినవి తలకిందులుగానే వస్తున్నాయి. జాబితా 214 దాకా వచ్చింది. సాయంత్రాలు ల్యాబ్‌లో ఖాళీగా ఉండేవాళ్ళు రండి, రెండో హార్డ్ డిస్క్ కూడా వస్తోందట.