లాఫ్కాడియో హెర్న్: మత్సుయే పట్టణంలో తొలి దినాలు

పరదేశానికి పోయి ఆంగ్లభాషను బోధించినవారి చరిత్రలు అనేకం కలవు. వారిలో పెక్కుమంది తాము నేర్పవలసినదానిని మూటగట్టుకొని పోయినవారే. నేర్చుకొనుట ముందు, నేర్పుట తరువాత అని తలచి పరాయిగడ్డపై కాలు మోపినవారు అరుదు. అట్టివారిలో లాఫ్కాడియో హెర్న్ ముఖ్యుడు. జపాను దేశీయులు ఆయనను కోయిజుమి యాకుమో అని పిలుస్తారు. ఆయన వ్రాసిన దయ్యాల కథలను నేటికీ చదువుకొంటారు. ఆయన జీవితమంతా వివరించుట మా ఉద్దేశం కాదు. 1890వ సంవత్సరం ఏప్రిల్ మొదలు ఆ శీతకాలం వరకు గడచిన మాసాలను, అందులోను మత్సుయే అనే చిన్న పట్టణంలో ఉపాధ్యాయుడుగా ప్రవేశించిన తొలి వారాలను మాత్రమే ఇక్కడ ప్రస్తావింపదలచినాము. అయితే ఆ మనిషి ఎక్కడినుండి వచ్చినాడో తెలియనిదే ఆ వారాల విలువ బోధపడదు.

హెర్న్ 1850 జూన్ 27న గ్రీకు దీవులలో ఒకటైన లెఫ్కాడాలో జన్మించినాడు. ఆ దీవి పేరే ఆయన పేరైనది. తల్లి రోజా గ్రీకు వనిత. తండ్రి చార్లెస్ హెర్న్ ఐర్లండు దేశీయుడు, బ్రిటిషు సైన్యంలో వైద్యుడు. రెండేండ్ల ప్రాయంలో బాలుని డబ్లిన్ నగరానికి తీసుకొనిపోయినారు. ఆ చలిదేశం, ఆ పరభాష సరిపడక తల్లి 1854లో స్వదేశానికి వెళ్ళిపోయినది. బాలుడు ఆమెను మరల చూడలేదు. తండ్రి వేరొక వివాహం చేసుకొన్నాడు. తండ్రి వైపు బంధువైన ఒక వృద్ధురాలు అతనిని పెంచినది. పదహారవ యేట ఇంగ్లండులోని పాఠశాలలో ఆటలాడుచుండగా దెబ్బ తగిలి ఎడమకంటి చూపు పూర్తిగా పోయినది. మిగిలిన కంటికి దూరపు వస్తువు ఆనేది కాదు. నాటినుండి జీవితాంతం ఆయన ఛాయాచిత్రం తీయించుకొన్నప్పుడెల్లా ఎడమవైపు కనబడకుండా ముఖం త్రిప్పుకొనేవాడు.

పెంచిన వృద్ధురాలి ఆస్తి హరించుకుపోగా 1869లో అతడు ఒంటరిగా అమెరికా చేరినాడు. సిన్సినాటి నగరంలో ఒక ముద్రాపకుడు ఆశ్రయమిచ్చినాడు. అక్కడే పత్రికా విలేఖరియై పేరు తెచ్చుకొన్నాడు. 1874లో నల్లజాతి స్త్రీని వివాహమాడినాడు. అట్టి వివాహం అప్పటి ఆ రాష్ట్ర చట్టానికి విరుద్ధం. మరుసటి సంవత్సరం ఉద్యోగం పోయినది. కాపురమూ ఎంతోకాలం నిలువలేదు. తరువాత పదేండ్లు న్యూ ఆర్లియన్స్ నగరంలోను, దాదాపు రెండేండ్లు మార్టినిక్ దీవిలోను గడిపినాడు. ఎక్కడ ఉన్నా అంగళ్ళలో, వంటయిండ్లలో పుట్టిన పాటలు, సామెతలు, కథలు ఏరుకొనుటే ఆయన వ్యసనం. విశ్వవిద్యాలయ పట్టం ఏదీ లేదు. బడిపంతులు వృత్తి ఆయన ఊహలో లేదు.

జపానుకు పోయినది కూడా బడికోసం కాదు. హార్పర్ ప్రచురణ సంస్థ తరఫున వ్యాసాలు వ్రాయుటకు, బొమ్మలు గీయు చిత్రకారునితో కలిసి 1890 మార్చిలో వాంకూవర్ రేవునుండి ఓడ ఎక్కి, ఏప్రిల్ 4న యోకొహామాలో దిగినాడు. ఆ మొదటి దినమే ఒక రిక్షా మాట్లాడుకొని గుడులన్నీ తిరిగినాడు. ఆయనకు జపాను మాట ఒక్కటి రాదు. రిక్షా లాగువానికి ఆంగ్లం రాదు. సంకేతాలతోనే పని జరిగినది. అంగడి తోరణాలపైన, కూలివారి అంగీల వెనుక కనబడిన చిత్రాక్షరాలు ఆయనకు సజీవమైన బొమ్మలవలె తోచినవి. ఒక దేవాలయంలో అకిరా అనే విద్యార్థి తటస్థపడినాడు. అతనికి ఆంగ్లం తెలుసు. అతడే తొలి దుబాసీ, ఒక విధంగా తొలి గురువు.

ఇంతలో, తనతో వచ్చిన చిత్రకారునికి తనకంటె ఎక్కువ ప్రతిఫలం ముట్టుచున్నదని హెర్న్‌కు తెలిసినది. కోపం ఆయన స్వభావంలోనే ఉన్నది. సంస్థతో సంబంధం తెంచివేసినాడు. నలుబదవ యేట, పరదేశంలో, చేతిలో పైకం లేక, ఒంటికంటితో నిలిచినాడు. ఆ స్థితిలో ఆయనకు అక్కరకు వచ్చినది ఇద్దరి పరిచయం. ఒకరు టోక్యో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన బేసిల్ హాల్ చాంబర్లేన్. రెండవవారు న్యూ ఆర్లియన్స్ ప్రదర్శనలో ఇదివరకు కలిసిన హత్తోరి ఇచిజో అనే విద్యాశాఖాధికారి. వారి సహాయంతో షిమానె మండలపు ముఖ్యపట్టణమైన మత్సుయేలో, మాధ్యమిక పాఠశాలకు, ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలకు కలిపి ఆంగ్లోపాధ్యాయుడుగా ఒక సంవత్సరానికి ఒడంబడిక కుదిరినది. జీతం నెలకు 100 యెన్లు. స్వదేశీ ఉపాధ్యాయుల జీతాలతో పోల్చితే అది చాల పెద్ద మొత్తం.

ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. మెయిజీ ప్రభుత్వం పాశ్చాత్యులను జీతానికి పిలిపించినది వారిపై మోజుతో కాదు. వారినుండి విద్య గ్రహించి, తమవారు సిద్ధం కాగానే వారిని సాగనంపవలెననుట ఆ ప్రభుత్వ సంకల్పం. టోక్యో విశ్వవిద్యాలయంలో మొదట విదేశీయులు పరభాషలలో చెప్పిన శాస్త్రాలను కొద్దికాలంలోనే జపానువారు తమ భాషలో చెప్పనారంభించినారు. 1922లో హైదరాబాదు రాజ్య విద్యాశాఖాధిపతి రాస్ మసూద్ జపానుకు వెళ్ళి అక్కడి విద్యావిధానాన్ని పరిశీలించి వచ్చి, 1923లో గ్రంథం ప్రకటించినారు. ఉర్దూ మాధ్యమంతో 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన పెద్దలకు ఆ దేశం ఎందుకు ఆసక్తికరమైనదో వేరుగా చెప్పనక్కరలేదు. హెర్న్ వంటి ఉపాధ్యాయులు ఆ కట్టడానికి తాత్కాలికమైన సారువలవంటివారు. ఆ సంగతి ఆయనకు తరువాత అనుభవంలోకి వచ్చినది.

ఆగస్టు చివరిలో అకిరాను వెంటబెట్టుకొని ఆయన బయలుదేరినాడు. మత్సుయే దేశానికి ఆవలి తీరాన ఉన్నది. అప్పటికి అక్కడికి రైలు లేదు. కొండలమీదుగా రిక్షాలపై నాలుగు దినాల ప్రయాణం. దారిలో ఒక పల్లెలో రాత్రివేళ గ్రామ స్త్రీలు పితృదేవతల పండుగ నాట్యం చేయగా చూచినాడు. వెన్నెలలో, నిశ్శబ్దంగా, అడుగులు కలుపుచు వలయాకారంగా సాగిన ఆ నాట్యాన్ని గూర్చి ఆయన వ్రాసిన అధ్యాయం చదివినవారికి ఒక సంగతి స్పష్టమవుతుంది. ఉద్యోగంలో చేరకముందే ఆయన విద్యార్థి అయినాడు.

ఆగస్టు 30న మత్సుయే చేరి, ఓహాషి నదియొడ్డున ఉన్న తోమితా సత్రంలో దిగినాడు. చూపు మందమైన మనిషికి చెవులే ఆధారం కదా. ఆ పట్టణాన్ని ఆయన మొదట చెవులతోనే తెలుసుకొన్నాడు. తెల్లవారకముందే వడ్లు దంచు రోకటిపోటు నేలలోనుండి గుండె కొట్టుకొన్నట్లు వినబడేది. అటుపిమ్మట గుడిగంట. తరువాత ముల్లంగి, వంటచెరకు అమ్మువారి కేకలు. నది మెట్లవద్ద జనం ముఖాలు కడుగుకొని సూర్యునికి అభిముఖులై చేతులు చరచు చప్పుడు. ఆపైన వంతెనమీద వందలాది కొయ్యపావుకోళ్ళ టకటక. రోకటిపోటు విని నిద్రలేచిన తరం మన పల్లెలలోను ఉన్నది గనుక ఆ వర్ణన మనకు పరాయిదిగా తోచదు.

సెప్టెంబరు 2న ఆయన బడిలో అడుగుపెట్టినాడు. రెండంతస్తుల పెద్ద కొయ్య భవనం. దాదాపు మూడు వందలమంది విద్యార్థులు. ఆయనను చేయిపట్టి నడిపించినవాడు నిషిదా సెంతారో అనే ఇరువది యెనిమిదేండ్ల ఉపాధ్యాయుడు. తరగతుల వేళలు, పుస్తకాలు, గంటల సంకేతాలు, ఎవరికి ఎట్లు నమస్కరించవలెను మున్నగునవన్నీ అతడే ఓపికగా తెలిపినాడు. మండలాధిపతి కోతెదా వద్దకు కూడ అతడే తీసుకొనిపోయినాడు. ఆ ప్రాంతపు ప్రాచీన చరిత్రను గూర్చి అధిపతి ప్రశ్నించగా, చాంబర్లేన్ అనువదించిన జపాను పురాణగ్రంథాన్ని చదివి వచ్చినానని హెర్న్ చెప్పగలిగినాడు. వ్యాకరణ పుస్తకాలకంటె ముందు ఆ గ్రంథాన్ని చదివి వచ్చుటే ఆయన చేసిన ఉపాధ్యాయ సన్నాహం. సరియైన సన్నాహమని మా అభిప్రాయం. ఆ నెలలోనే ఇజుమో మహాలయాన్ని దర్శించినాడు. లోపలి మందిరంలోనికి ప్రవేశం లభించిన మొదటి పాశ్చాత్యుడు ఆయనే అంటారు.

భాష రాని ఉపాధ్యాయుడు తరగతి ఎట్లు నడపగలడు? పై తరగతులవారికి ఆంగ్లం కొంత వచ్చి ఉండుట ఒక సౌకర్యం. ఆయన తేలికమాటలతో మెల్లగా చెప్పేవాడు; నల్లబల్లను విరివిగా వాడేవాడు. అంతకంటె ముఖ్యం, పిల్లలచేత వారి విషయాలే వ్రాయించేవాడు. పండుగలు, చంద్రుడు, పూవులు, ఊరి దయ్యాలు, తాతముత్తాతలు, ఇవే వ్యాసాంశాలు. పుస్తకంలోని లండను వీధులను గూర్చి కాక తన ఇంటి దేవుని గూర్చి వ్రాయవలసి వచ్చిన బాలునికి పరభాషలో కూడ చెప్పవలసినది ఉంటుంది. దిద్దుచున్నకొద్ది ఉపాధ్యాయునికీ పాఠం జరిగేది. ఆ వ్యాసాలనుండి నేర్చినదెంతో ఆయన తరువాత గ్రంథస్థం చేసినాడు. చాలమంది వ్యాసాలలో భావాలు ఒకే మూసలో ఉన్నవని కూడ దాచక వ్రాసినాడు.

ఒకనాడు విద్యార్థులు ఆయనను అడిగిన ప్రశ్న గొప్పది. చక్రవర్తి చిత్రపటానికి తాము వంగి నమస్కరించుట అనాగరికమని పూర్వం ఒక మతప్రచారకుడైన ఉపాధ్యాయుడు చెప్పినాడట. అది నిజమా అని అడిగినారు. పెద్దలను, పూర్వులను గౌరవించుటలో అనాగరికత ఏదీ లేదని, దానిని విడువనవసరం లేదని హెర్న్ సమాధానమిచ్చినాడు. ఆ కాలపు పాశ్చాత్యునినుండి అట్టి సమాధానం రావడం వారు ఎరుగరు. వారు సాయంకాలాలు ఆయన ఇంటికి రాసాగినారు. అయితే మేము ఒక మాట అనకతప్పదు. పాతదానిపై ఆయనకున్న ప్రేమ కొన్నిచోట్ల హద్దు మీరినది. కుర్రవారు యంత్రాలు, నౌకలు, శాస్త్రాలు కావాలని తహతహలాడుచుండగా ఆయన గుడిమెట్లవద్దనే నిలిచిపోయినాడు. తొలి వారాల మైకం తరువాత తగ్గినదని ఆయన ఉత్తరాలే సాక్ష్యం.

సత్రంలో మరొక సంఘటన జరిగినది. అక్కడి ఒక బాలికకు కంటిజబ్బు చేసినది. వైద్యునికి చూపమని హెర్న్ పలుమార్లు చెప్పగా యజమాని అట్లే అట్లే అని కాలం గడిపినాడు. కంటి విలువ ఎరిగిన మనిషి సహించలేకపోయినాడు. తన ఖర్చుతో ఆ బాలికకు చికిత్స చేయించి, ఆ సత్రాన్నే విడిచి వేరొక ఇంటికి మారినాడు. ఆ చలికాలం మత్సుయేలో మంచు విపరీతంగా కురిసినది. ఉష్ణదేశాలకు అలవాటుపడిన హెర్న్ జబ్బుపడినాడు. ఆ ఇంట పరిచర్యకు వచ్చిన కోయిజుమి సెత్సు, కలిమి పోయిన సామురాయి వంశపు యువతి, 1891లో ఆయనకు అర్ధాంగి అయినది. ఆమె ఆంగ్లపదాలను జపాను అక్షరాలలో వ్రాసుకొని నేర్చిన పుస్తకం నేటికీ నిలిచి ఉన్నది. ఆమె చదువు ముందుకు సాగలేదు. ఆంగ్లోపాధ్యాయుని సంసారం ఆయనకు వచ్చిన వచ్చీరాని జపాను మాటలతోనే సాగినది. పుస్తకం చూచి చదువవద్దు, నీ సొంతమాటలలో చెప్పు అని ఆమెచేత కథలు చెప్పించుకొనేవాడు. 1904లో వెలువడిన క్వైదాన్ అనే ప్రసిద్ధ గ్రంథం వెనుక ఆ కంఠస్వరమున్నది.

మత్సుయేలో ఆయన ఉన్నది పదునైదు మాసాలే. 1891 నవంబరులో కుమామోతోకు, పిమ్మట కోబేకు వెళ్ళినాడు. 1895లో వెలువరించిన ఒక గ్రంథాన్ని నిషిదాకు అంకితమిచ్చినాడు. రెండేండ్లకే ఆ మిత్రుడు క్షయవ్యాధితో గతించినాడు. భార్యాబిడ్డల హక్కుల కోసం 1896లో జపాను పౌరసత్వం స్వీకరించి, అదే సంవత్సరం టోక్యో విశ్వవిద్యాలయంలో ఆంగ్లసాహిత్యోపన్యాసకుడైనాడు. 1903లో విశ్వవిద్యాలయం ఆయనను వదులుకొన్నది. విద్యార్థులు నిరసన తెలిపినా ప్రయోజనం లేకపోయినది. ఆ స్థానంలోనికి వచ్చినవాడు ఇంగ్లండులో చదివివచ్చిన నత్సుమె సోసెకి. జపాను నవలాసాహిత్యంలో ఆయన స్థానం అందరెరిగినదే. 1904 సెప్టెంబరు 26న హెర్న్ గుండెనొప్పితో మరణించినాడు. వయస్సు ఏబది నాలుగు.

ఆయన తరగతిలో కాగితం చూడకుండ, వ్రాసుకొనువారు అందుకొనగలిగినంత మెల్లగా చెప్పేవాడు. మత్సుయే కుర్రవారికి చెప్పినప్పటి అలవాటు అది. ఆ ఉపన్యాసాల వ్రాతప్రతులు ఆయనవద్ద లేవు. విద్యార్థులు తమ పుస్తకాలలో మాట విడువక వ్రాసుకొన్నదానినే సేకరించి, 1915లో అమెరికాలో రెండు సంపుటాలుగా అచ్చువేసినారు.