వాఙ్మయ రక్షకుడు – సి.పి. బ్రౌన్

ఒక జాతి వాఙ్మయం చిరకాలం నిలవాలంటే కవుల ప్రతిభ ఒక్కటే చాలదు. ఆ కవుల కృతులను భద్రపరచేవారు కావాలి. చెదరిపోయిన ప్రతులను సేకరించి, ప్రతికీ ప్రతికీ గల భేదాలను సరిచూచి, శుద్ధమైన పాఠాన్ని చదువరులకు అందించేవారు కావాలి. పందొమ్మిదో శతాబ్ది తొలి దశకాలలో తెలుగు వాఙ్మయానికి అటువంటివారు కరవయ్యారు. రాజాస్థానాలు అంతరించాయి. పోషణ లేక పండితులు చెల్లాచెదరయ్యారు. తాళపత్ర గ్రంథాలు అటకలమీద చెదపురుగుల పాలవుతున్నాయి. దేశంలోకి అచ్చుయంత్రం వచ్చినా ప్రాచీన కావ్యాలు దాని దాకా చేరలేదు. అటువంటి సమయంలో అనావృష్టికి నిలయమైన కడప సీమలో నిలిచి, తెలుగు కావ్యాలను బ్రతికించే పనిని తలకెత్తుకొన్న విదేశీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త, ఫోర్ట్ విలియం కళాశాల నిర్వాహకులలో ప్రముఖుడు. ఆయన తన కుమారునికి చిన్ననాటనే హీబ్రూ, అరబ్బీ, పారసీ వంటి భాషలు నేర్పించాడు. వీటిలో హీబ్రూ యూదుల ప్రాచీన భాష. స్వదేశాన్ని కోల్పోయి అనేక దేశాలలో చెదరిపోయిన యూదులు తమ గ్రంథాలనే తమ దేశంగా భావించుకొని జీవించారు. వారి లేఖకులు పవిత్ర గ్రంథాలలోని మాటలను సైతం లెక్కించి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా ప్రతులు రాసుకొన్నారు. పత్రాల అంచులలో పాఠ సంబంధమైన గుర్తులు రాసి ఉంచారు. అటువంటి భాషతో బాల్యంలోనే పరిచయం కలిగినవాడు తరువాతి కాలంలో తెలుగు తాళపత్రాలను శ్రద్ధతో చేతికెత్తుకోవడంలో ఆశ్చర్యం లేదు.

1812లో తండ్రి మరణించగా కుటుంబం ఇంగ్లండు చేరుకొంది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులను తీర్చిదిద్దే హెయిలీబరీ కళాశాలలో బ్రౌన్ చదువుకొన్నాడు. 1817 ఆగస్టులో మద్రాసులో అడుగుపెట్టాడు. అక్కడి సెయింట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అక్షరాలు దిద్దాడు. 1820లో తెలుగు పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. మద్రాసు గవర్నరుగా సర్ థామస్ మన్రో బాధ్యతలు స్వీకరించింది ఆ సంవత్సరమే. ప్రజలను పాలించదలచినవారు ముందుగా ప్రజల భాషను నేర్వాలనేది మన్రో దృఢాభిప్రాయం. యువకుడైన బ్రౌన్ మనసులో ఆ అభిప్రాయం గాఢంగా నాటుకొంది.

1820 ఆగస్టులో బ్రౌన్ కడప కలెక్టరుకు సహాయకుడుగా నియమితుడయ్యాడు. కడప నాటి దత్తమండలాలలో ఒకటి. 1800లో నిజాము కంపెనీకి అప్పగించిన ఈ ప్రాంతానికి తొలి ప్రధాన కలెక్టరు మన్రోయే. ఆయన 1827లో నేటి కర్నూలు జిల్లాలోని పత్తికొండ వద్ద కలరా సోకి మరణించాడు. దత్తమండలాలకు రాయలసీమ అనే పేరు చాలాకాలం తరువాత, 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు సూచన మేరకు ఏర్పడింది. వానలు తక్కువైన ఈ సీమలో రైతుల మాటను వినడం, అర్జీలను చదవడం, తగవులు తీర్చడం బ్రౌన్ నిత్యకృత్యాలు. పండితుల గ్రాంథికమూ, పల్లెప్రజల పలుకుబడీ వేరువేరని ఆయనకు ఇక్కడే బోధపడింది. బీదపిల్లల కోసం ఆయన కడపలో ఉచిత పాఠశాలలు కూడా నెలకొల్పాడు.

1822లో బ్రౌన్ మచిలీపట్నానికి బదిలీ అయ్యాడు. అక్కడ ఉండగా ఫ్రెంచి మతగురువు అబ్బే దుబాయ్ రచించిన గ్రంథంలో వేమన ప్రస్తావన ఆయన దృష్టికి వచ్చింది. వేమన పద్యాలు జనుల నాలుకలమీద ఉన్నాయి కాని, పండితులు వాటిని కావ్యాల సరసన చేర్చలేదు. బ్రౌన్ పట్టుదలతో ప్రతులు తెప్పించాడు. తిప్పాభొట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య ఆయనకు సాహిత్యాన్ని బోధించి తోడ్పడ్డారు. 1829లో 693 వేమన పద్యాలు ఆంగ్లానువాదంతో వెలువడ్డాయి. పదేళ్ళ తరువాత, 1839లో, పద్యాల సంఖ్య 1164కు పెరిగి రెండవ కూర్పు వచ్చింది. రాయలసీమ మట్టిలో పుట్టిన ప్రజాకవికి ప్రపంచ పాఠకుల ఎదుట తగిన స్థానం ఆ విధంగా లభించింది.

1826లో తిరిగి కడపకు వచ్చిన బ్రౌన్ ఎర్రముక్కపల్లెలో తోటతో కూడిన బంగళా కొన్నాడు. ఆ బంగళా ఒక విద్యాశాలగా మారింది. ప్రజలు దానిని బ్రౌన్ కాలేజీ అని పిలుచుకొన్నారు. జూలూరి అప్పయ్య మొదలైన పండితులను ఆయన జీతాలిచ్చి నియమించుకొన్నాడు. గ్రంథాల కోసం మనుషులను ఊరూరికీ పంపాడు. ఒకే కావ్యానికి వీలైనన్ని ప్రతులు సంపాదించడం ఆయన పద్ధతి. లేఖకులు వాటిని కాగితాలమీదికి ఎత్తి రాసేవారు. పండితులు కూర్చుండి ఒకరు చదువుతుండగా తక్కినవారు తమ ప్రతులతో సరిపోల్చుకొనేవారు. పాఠభేదాలు గుర్తించేవారు, వాటిలో ఏది సరియైనదో చర్చించేవారు. ఆ తరువాతనే శుద్ధప్రతి తయారయ్యేది. కఠినమైన కావ్యాలకు వ్యాఖ్యలు రాయించేవారు. గ్రీకు, లాటిన్, హీబ్రూ గ్రంథాలను పరిష్కరించడంలో ఐరోపా పండితులు అనుసరించిన విధానాన్ని బ్రౌన్ ఈ విధంగా తెలుగు గడ్డమీద అమలుపరచాడు.

ఇదే కాలంలో ఐరోపాలో యూదులు కూడా తమ వాఙ్మయం విషయంలో ఇటువంటి కృషికి పూనుకొన్నారు. బ్రౌన్ కడపలో అడుగుపెట్టడానికి ఒక ఏడాది ముందు, 1819లో, బెర్లిన్ నగరంలో కొందరు యూదు యువకులు తమ జాతి సంస్కృతిని శాస్త్రీయంగా అధ్యయనం చేయడానికి ఒక సంఘాన్ని స్థాపించారు. వారిలో ముఖ్యుడు లియోపోల్డ్ జుంజ్. ఆయన బ్రౌన్ కంటె నాలుగేండ్లు పెద్దవాడు. కవి హైన్రిఖ్ హైనే కూడా కొంతకాలం ఆ సంఘంలో సభ్యుడుగా ఉన్నాడు. సంఘం 1824 నాటికే చెదరిపోయినా జుంజ్ మాత్రం పని విడువలేదు. గ్రంథాలయాలు తిరిగి రాతప్రతులు చూచాడు; మరుగునపడిన కవుల పేర్లను, కాలాలను నిర్ణయించాడు. యూదు వాఙ్మయానికి విశ్వవిద్యాలయంలో ఆచార్య పీఠం కావాలని 1848లో ఆయన చేసిన వినతిని ప్రభుత్వం తిరస్కరించింది. ఎక్కడి బెర్లిన్! ఎక్కడి కడప! అయినను సమస్య ఒక్కటే. గొప్ప వాఙ్మయం ఉండి కూడా, దానిని గౌరవించే సంస్థలు లేక రెండు జాతులు తమ గతాన్ని పోగొట్టుకొనే స్థితిలో ఉన్నాయి. ఒక భేదం మాత్రం గమనింపదగినది. జుంజ్ తన జాతి కోసం తానే శ్రమించాడు. తెలుగువారి కోసం ఆ భారాన్ని పాలకవర్గానికి చెందిన పరాయివాడు మోశాడు.

ఆ భారం తేలికైనది కాదు. పండితుల జీతాలకు, లేఖకుల కూలికి, కాగితాలకు, ప్రతుల కొనుగోలుకు బ్రౌన్ తన వేతనాన్ని వెచ్చించాడు. అది చాలక అప్పులు చేశాడు. కంపెనీ కొలువులోనూ ఆయనకు ఒడుదుడుకులు తప్పలేదు. 1830ల మధ్యకాలంలో ఇంగ్లండుకు వెళ్ళవలసివచ్చింది. అక్కడ కూడా ఆయన తెలుగును మరువలేదు. లండన్‌లోని ఇండియా హౌస్ గ్రంథాలయంలో రెండువేలకు పైగా దక్షిణ భారత గ్రంథాలు ఎవరికీ పట్టకుండా పడి ఉండడం చూచాడు. అధికారులకు నచ్చజెప్పి వాటిని మద్రాసుకు పంపించే ఏర్పాటు చేశాడు. సముద్రాలు దాటిపోయిన గ్రంథాలు తిరిగి స్వదేశం చేరడం ఆయన చేసిన ఉపకారాలలో ముఖ్యమైనది.

తిరిగివచ్చిన తరువాత బ్రౌన్ మద్రాసులో పారసీ అనువాదకుడు మొదలైన పదవులు నిర్వహించాడు. ఆయన సాహిత్యకృషి ఫలించింది ఈ కాలంలోనే. 1840లో ఆయన రచించిన తెలుగు వ్యాకరణం వెలువడింది. నలచరిత్ర, గౌరన హరిశ్చంద్ర ద్విపద, వసుచరిత్ర, మనుచరిత్ర వంటి కావ్యాలు ఆయన పూనికతో ముద్రితమయ్యాయి. 1852–54 సంవత్సరాల నడుమ ఆయన నిఘంటువులు వచ్చాయి. కావ్యభాషలోని పదాలతో పాటు కచేరీలలో, అంగళ్ళలో, పొలాలలో వినిపించే మాటలకు కూడా బ్రౌన్ వాటిలో చోటు కల్పించాడు. తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాల కోసం మిశ్రభాషా నిఘంటువును వేరుగా సిద్ధపరచాడు. నేటికీ ఒక పాత మాటకు అర్థం కావలసినవారు బ్రౌన్ నిఘంటువును తెరుస్తున్నారు.

చరిత్ర విషయంలోనూ ఆయన దృష్టి విశాలమైనది. కల్నల్ కాలిన్ మెకంజీ అంతకుముందు గ్రామ గ్రామాన సేకరింపజేసిన కైఫీయత్తులు శిథిలమవుతుండగా బ్రౌన్ వాటికి ప్రతులు రాయించాడు. కైఫీయత్తు అంటే ఒక ఊరి పుట్టుపూర్వోత్తరాలను, అక్కడి గుడులను, మాన్యాలను, పాలెగాండ్రను గురించి స్థానికులు చెప్పగా రాసుకొన్న వృత్తాంతం. అనంతపురం పాలకుల చరిత్రను తెలుగునుండి అనువదించి 1853లో ప్రకటించాడు. రాజుల చరిత్రతో పాటు ఊళ్ళ చరిత్ర కూడా దక్కింది ఇటువంటి శ్రద్ధవల్లనే.

బ్రౌన్ కృషిలో లోపాలు లేవని చెప్పలేము. ఆయన కంపెనీ సేవకుడు. పాలనకు భాష ఉపకరించాలనే ప్రయోజనం ఆయన పనిలో ఉంది. కొన్ని కావ్యాలను గురించి ఆయన చేసిన తీర్పులలో తన కాలానికి, తన సమాజానికి చెందిన అభిరుచి కనిపిస్తుంది. ఆయన సంకలనంలోని వేమన పద్యాలలో ఏవి నిజంగా వేమనవి, ఏవి తరువాతివారు చేర్చినవి అనే చర్చ కొనసాగుతూనే ఉంది. పైగా ఆయన పేరు కింద నిలిచిన పనిలో అధికభాగం అప్పయ్య వంటి పండితులది, పేరు తెలియని లేఖకులది. వారిని మరచి బ్రౌన్‌ను ఒక్కనినే కీర్తించడం న్యాయం కాదు. అయినను చర్చించడానికి ఈనాడు ఆ పాఠాలు మన చేతిలో ఉన్నాయంటే అది ఆయన పూనికవల్లనే.

అనారోగ్య కారణంగా 1855లో బ్రౌన్ భారతదేశాన్ని విడిచి వెళ్ళాడు. అంతకు పదేళ్ళ ముందే, 1845లో, తాను సేకరించిన గ్రంథాలను మద్రాసు లిటరరీ సొసైటీకి సమర్పించాడు. తరువాతి కాలంలో అవి మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. లండన్‌లో ఆయన యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడుగా పనిచేశాడు. అవివాహితుడుగానే జీవించిన బ్రౌన్ 1884 డిసెంబరు 12న మరణించాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది.

యూదుల విషయంలో జుంజ్ ఆరంభించిన పని క్రమంగా సామాన్య ప్రజల చేతికి వచ్చింది. 1891లో చరిత్రకారుడు సైమన్ డుబ్నోవ్ ఊరూరా ఉన్న పాత రికార్డులను సేకరించమని తనవారికి పిలుపునిచ్చాడు. 1925లో విల్నా నగరం కేంద్రంగా యూదుల పరిశోధన సంస్థ వెలసింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నాజీలు ఆ నగరంలోని గ్రంథాలను నాశనం చేయబూనగా, వాటిని ఏరివేసే పనికి నియమితులైన యూదులే ప్రాణాలకు తెగించి కొన్నింటిని దాచారు. డుబ్నోవ్ 1941లో రీగాలో హత్యకు గురయ్యాడు. ఆయన మరణించినా, దాచిన గ్రంథాలలో కొన్ని మిగిలాయి.

కడపలోనూ ఆ బాధ్యత చివరకు స్థానికుల చేతికి వచ్చింది. బ్రౌన్ బంగళా కాలక్రమంలో శిథిలమైపోయింది. ఆ స్థలంలో ఆయన పేర గ్రంథాలయం ఏర్పడడానికి జానుమద్ది హనుమచ్ఛాస్త్రి వంటివారు ఏళ్ళ తరబడి పాటుపడ్డారు. అది నేడు యోగి వేమన విశ్వవిద్యాలయానికి చెందిన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా వర్ధిల్లుతున్నది. కడప జిల్లా కైఫీయత్తులు అచ్చయి వెలువడింది అక్కడినుండియే. పరాయివాడు మోసిన భారాన్ని ఆ సీమవారే తమ భుజాలకు ఎత్తుకొన్నారు. కర్నూలు, కడప పల్లెలలోని ఇండ్లలో ఇంకను పాత కాగితాలు, తాళపత్రాలు ఉండవచ్చు. వాటిని పనికిరానివని పారవేయక, చదవగలవారి చేతికి అందించడం బ్రౌన్ ఋణాన్ని తీర్చుకొనే మార్గాలలో ఒకటి.