స్వామి జ్ఞానానంద

రావులపాలెమునుండి పడమటికేగి, సిద్ధాంతమువద్ద వసిష్ఠను దాటి భీమవరపు ప్రాంతము చేరినచో గొరగనమూడి యను పల్లె గలదు. 1896వ సంవత్సరమున అచట జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారే పిమ్మట స్వామి జ్ఞానానందులై ప్రసిద్ధి గాంచిరి. ఆంధ్రదేశమున అణుకేంద్ర పరిశోధనకు పునాది వేసినవారు ఒక సన్న్యాసియని మన యువకులలో ఎందరెరుగుదురు?

యౌవనముననే ఇల్లు విడిచి, హిమాలయములలో యోగసాధన గావించి, వారు జర్మనీకేగిరి. నూతన భౌతికశాస్త్రము అచట వారి మనస్సు నాకర్షించెను. దానిని గూర్చి ఉపన్యసించుటతో తృప్తినొందక, ముప్పదియేండ్లు దాటిన వయస్సున మరల విద్యార్థులైరి. ప్రేగు నగరపు చార్లెస్ విశ్వవిద్యాలయమున ఎక్సు కిరణములను పరిశోధించి డాక్టరు పట్టమందిరి. పిదప లివర్‌పూలులో, 1932లో న్యూట్రానును కనుగొన్న చాడ్విక్ పండితుని యొద్ద బీటా కిరణములపై కృషి సల్పిరి. అటనుండి అమెరికాకేగి మిషిగన్ విశ్వవిద్యాలయమున పనిచేసిరి.

1947లో వెలువడిన వారి గ్రంథము గాలిని తొలగించి శూన్యమును కల్పించు విద్యను గూర్చినది. ఇది చిన్న విషయము కాదు. గొట్టములో గాలి మిగిలియున్నచో ఎలక్ట్రానులు దానిని ఢీకొని చెదరిపోవును, కొలత తప్పును. నేడు ఇండోరులో 172 మీటర్ల చుట్టుకొలతగల ఇండస్-2 సింక్రోట్రాన్ వలయమున ఎలక్ట్రానులు గంటలతరబడి పరిభ్రమించి వెలుగు నిచ్చుటకు ఇట్టి శూన్యమే ఆధారము.

విదేశములలో నిలిచిపోవుటకు అవకాశమున్నను, 1947లో వారు స్వదేశమునకు మరలిరి. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసి, 1954లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చి అణుకేంద్ర భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పిరి. 1969లో పరమపదించిరి. విశాఖపట్టణమందలి ఆ ప్రయోగశాలలు నేడు వారి పేరనే వెలయుచున్నవి.

మన డెల్టా కామందులు బిడ్డల చదువులకై పొలము లమ్ముటకును వెనుదీయరు. ఇది మెచ్చదగినదే. కాని ఆ చదువు ఉద్యోగముతో ముగియవలెనని, అదియు అమెరికాలో కావలెనని కోరుదురు. ఈ మార్గమున ధనము వచ్చునేకాని శాస్త్రము రాదు. యంత్రమును కొనితెచ్చుట సులభము. దానితో ప్రకృతిని ప్రశ్నింపగల బుద్ధిని ఏ అంగడిలోను కొనజాలము. ఫలమెన్నడో తెలియని పరిశోధనకు ఒక్క బిడ్డనైన విడిచిపెట్టు గృహస్థులు మన గ్రామములం దుదయించిననాడే ఆ మహనీయుని ఋణము కొంత తీరునని మా విశ్వాసము.